థాయ్‌లాండ్‌కి ఈశాన్య మూల

వెళ్దామనేవారు: బ్యాంకాక్‌లో రెండు రాత్రులు, పట్టాయాలో రెండు రాత్రులు. స్పీడ్ బోటులో కోరల్ ఐలాండ్, ఒక పూట సఫారీ, ఆఖరి రోజు షాపింగ్. మన ఊళ్లలో ఏ ట్రావెల్ ఏజెంటును అడిగినా థాయ్‌లాండ్ అంటే ఈ నాలుగు రాత్రులే. ఇంకాస్త డబ్బు పెట్టగలిగితే ఫుకెట్, క్రాబీ. 2024లో ఆ దేశానికి మూడున్నర కోట్ల మందికి పైగా విదేశీయులు వెళ్తే, అందులో భారతీయులు 21 లక్షలు దాటారు. వాళ్లలో చాలామంది చూసి వచ్చింది రాజధానినీ, సముద్రపు ఒడ్డున సన్నటి పట్టీనీ. దేశం నేలలో మూడో వంతు, జనంలో ఇంచుమించు మూడో వంతు ఉన్న ప్రాంతం ఒకటుందని వాళ్లకి చెప్పినవారు లేరు. ఇరవై ప్రావిన్సుల ఆ పీఠభూమి పేరు ఇసాన్. సంస్కృతంలోని ‘ఈశాన’ అన్న మాటే అది. మనం బావి తవ్వే ముందు వెతుక్కునే మూల.

ఆగమనేవారు: పేరు కలిసినంత మాత్రాన ప్రయాణం కలిసిరాదు. ఆ నాలుగు రాత్రుల వెనక ఏముందో కూడా చూడాలి. కరీంనగర్‌లో ఒక బడిపంతులు కుటుంబాన్ని ఊహించుకోండి. ఆయన, భార్య, ఇంటర్ చదివే కూతురు, డెబ్బై ఏళ్ల తల్లి. ఏడాదిన్నర చీటీ కట్టి పోగేసిన డబ్బు, దసరా సెలవుల్లో దొరికిన ఆరు రోజులు. ఆ తల్లి ఇంతవరకూ సముద్రంలో కాలు పెట్టలేదు. ఆమెను పట్టాయా ఒడ్డున నిలబెట్టడం కొడుకుకి చిన్న విషయం కాదు. ‘అందరూ పోయే చోటుకే పోయారు’ అని ఇలాంటి వాళ్లను తేలిక చేసే మాట ఈమధ్య ఎక్కువైంది. అందరూ అక్కడికే పోవడానికి కారణాలున్నాయి. అక్కడ ఇడ్లీ దొరుకుతుంది. డాక్టరుకి ఇంగ్లీషు వస్తుంది. చీకటి పడేసరికి గది ముందు దించే బండి ఉంటుంది.

వెళ్దామనేవారు: ఆ కుటుంబాన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. అయితే ఆ తల్లి పట్టాయాలో ఎవరిని కలుస్తుందో చూడండి. వీధి మూల రోట్లో పచ్చి బొప్పాయి కోరు దంచే మనిషి, గది ఊడ్చే పిల్ల, బ్యాంకాక్‌లో టాక్సీ నడిపే పెద్దాయన, ఎదురుగా లేస్తున్న హోటల్ కట్టడం మీద ఇనుప చువ్వలు కట్టే కూలీ. వీళ్లలో ఎందరో ఇసాన్ వాళ్లు. వాన మీద ఆధారపడిన ఒక్క పంట ఇంటిల్లిపాదికీ చాలక, పిల్లల్ని అమ్మమ్మల దగ్గర వదిలి దక్షిణానికి వచ్చినవాళ్లు. పాలమూరు వలస తెలిసిన మనకి ఈ కథ విడమర్చి చెప్పక్కర్లేదు. దేశమంతా ప్రాజెక్టులు కట్టిన చేతులు పాలమూరువి, ఆ ఊళ్లో మాత్రం పొలాలు ఎండిపోయి ఉండేవి. థాయ్‌లాండ్‌లో సెలవు గడిపే ప్రతి కుటుంబం ఇసాన్ చేతుల మీదుగానే గడుపుతోంది. ఆ చేతులు ఏ ఊరి నుంచి వచ్చాయో చూడాలనుకోవడం వింత కోరికేం కాదు.

ఆగమనేవారు: పాలమూరు పోలిక తెచ్చారు కాబట్టి దాన్నే పట్టుకుందాం. పాలమూరుకి కావాల్సింది నీళ్లు. టూరిస్టు బస్సులు వచ్చి ఆ వలసను ఆపుతాయని అక్కడ ఎవరూ ఎదురుచూడలేదు. ఇసాన్‌లోనూ అంతే. తుంగ్ కులా రొంగ్‌హాయ్ అని ఐదు ప్రావిన్సుల్లో పరుచుకున్న మైదానం ఉంది. పేరుకి అర్థం ‘కులా వాళ్లు ఏడ్చిన మైదానం’. ఊరూరా తిరిగి సరుకులమ్ముకునే కులా వర్తకులు దాన్ని దాటబోయి, నీటి చుక్క లేక, నీడ లేక కూలబడి ఏడ్చారని అక్కడి కథ. ఆ ఉప్పు నేలలో ఇవాళ పండే మల్లెపూల వాసన బియ్యానికి 2013లో యూరోపియన్ యూనియన్ భౌగోళిక గుర్తింపు ఇచ్చింది. ఏడిపించిన నేల తిండి పెట్టే నేల అయిందంటే అది రైతు చేతి పని, విత్తనం పని, కాలువ పని. ఆ లెక్కలో సందర్శకుడి పద్దు ఏమీ లేదు.

వెళ్దామనేవారు: ఒప్పుకోవాల్సిందే. బియ్యం చేసిన మేలు ఏ హోటలూ చేయలేదు. కానీ కోత అయిపోయాక ఆరేడు నెలలు ఖాళీ. ఆ నెలల్లోనే మగ్గాలు ఆడతాయి. ఇసాన్ పట్టులో ఒక రకాన్ని ‘మట్ మీ’ అంటారు. నూలుని ముందే కట్టలు కట్టి, ముడి వేసిన చోట రంగు అంటకుండా అద్ది, ఆ తర్వాత నేస్తారు. పోచంపల్లి, పుట్టపాక నేతగాళ్లు ‘చిటికి’ అనే పని అచ్చంగా ఇదే. ఖోన్ కేన్ దగ్గర చొన్నబోట్ ఈ నేతకి పేరుమోసిన ఊరు. సురిన్ దగ్గర తా సవాంగ్ అనే పల్లెలో పట్టులో బంగారు జరీ వేసి నేస్తారు. 2003లో బ్యాంకాక్‌లో జరిగిన ఏపెక్ సదస్సుకు వచ్చిన దేశాధినేతలకి బట్ట నేసింది ఆ పల్లెవాళ్లే. అలాంటి చీర ముక్క బ్యాంకాక్ మాల్‌లో కొంటే లాభం ఎన్ని చేతులు మారుతుందో తెలిసిందే. మగ్గం పక్కన కూర్చుని కొంటే డబ్బు ఆ వాకిట్లోనే ఉండిపోతుంది. బడిపంతులు భార్యకి ఆ ముడుల విలువ ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

ఆగమనేవారు: చెప్పక్కర్లేదు సరే. మరి ఆవిడ పోచంపల్లి మగ్గం పక్కన ఎప్పుడైనా కూర్చుందా? హైదరాబాద్‌కి గంటన్నర దూరం. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ దాన్ని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంచింది. హైదరాబాద్ నుంచి ఏటా బ్యాంకాక్ విమానం ఎక్కేవాళ్లలో ఎంతమంది ఆ ఊరి బస్సు ఎక్కారు? శాలిహుండం చూశారా? కేస్లాపూర్ నాగోబా జాతరకి వెళ్లారా? మన ఈశాన్య మూలలు మనకి చాలానే ఉన్నాయి. పరాయి దేశంలో ‘ఎవరూ చూడనిది’ చూడాలనే తహతహ, ఇంటి పక్కది చూడని అలవాటు, రెండూ ఒకే మనిషిలో ఉంటే, ఆ తహతహ ఆ ఊరి మీద ప్రేమ అనుకోవాలా?

వెళ్దామనేవారు: ఈ మాట గుచ్చుకుంటుంది. గుచ్చుకోవాలి కూడా. ఒకటి మాత్రం గమనించాలి. చాలామందికి సొంత ఊరి వైపు చూపు తిరిగేది దూరం వెళ్లి వచ్చాకే. బురీరమ్‌లో ఫనొమ్ రుంగ్ గుడి అందుకు మంచి చోటు. చల్లారిపోయిన అగ్నిపర్వతం శిఖరం మీద, పది నుంచి పదమూడో శతాబ్దాల మధ్య ఖ్మేర్ రాజులూ సామంతులూ కట్టిన శివాలయం అది. కైలాసంలా కొండ మీద ఉండాలని కట్టారు. కింద నుంచి పొడవాటి రాతి బాట, దాని మీద పడగ విప్పిన నాగుల వంతెన, తర్వాత మెట్లు. గర్భగుడి ముందు ద్వారం దగ్గర ఆగి తలెత్తితే పైన నటరాజు, ఆయన కింద ద్వారబంధం మీద శేషశయనుడైన విష్ణువు, నాభి కమలంలో బ్రహ్మ. తెలుగువాళ్లకి అక్కడ గైడు అక్కర్లేదు. ఏడాదిలో కొన్ని రోజులు, ఏప్రిల్ మొదట్లోనూ సెప్టెంబర్‌లోనూ, ఉదయపు సూర్యుడు వరసగా ఉన్న పదిహేను ద్వారాల గుండా ఒకే గీతలా లోపలికి వస్తాడు. ఆ పొద్దు చూడటానికి చీకటితోనే వేలమంది కొండెక్కుతారు. ఎక్కేది దాదాపు అందరూ థాయ్‌లే.

ఈ గుడి కింద మైదానంలో మువాంగ్ తమ్ అని ఇంకో ఆలయం, నాలుగు మూలలా కలువల కోనేళ్లు, వాటి గట్ల మీద రాతి నాగులు. దాన్ని చూసినవాడికి మన పాలంపేట గుర్తొస్తుంది, రామప్ప చెరువు గుర్తొస్తుంది. తిరిగొచ్చాక అక్కడికి వెళ్లాలనిపిస్తుంది. దారి అటు నుంచి ఇటు కూడా వస్తుంది కదా.

ఆగమనేవారు: ఆ విష్ణువు కథ పూర్తిగా చెప్పండి. మీరు పైన చూడమంటున్న ఆ రాతి పలక 1960ల్లో గుడి నుంచి మాయమైంది. తేలింది షికాగోలో, ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ మ్యూజియంలో. గుడి అందం పరాయివాళ్ల కంట పడినందుకు దక్కిన ఫలితం అది. ఉదోన్ థానీ దగ్గర బాన్ చియాంగ్ సంగతి ఇంకా బాధాకరం. 1966లో ఒక అమెరికన్ విద్యార్థి ఆ పల్లెలో చెట్టు వేరు తట్టుకుని పడ్డాడు. లేచి చూస్తే మట్టిలో కుండల అంచులు. లేత పసుపు మట్టి మీద ఎర్రటి సుడుల బొమ్మలు, వేల ఏళ్ల నాటివి. ఆ కబురు బయటికి పోయేసరికి కొనేవాళ్లు వచ్చారు. ఊరి జనం ఇళ్ల కింద, పెరళ్లలో తవ్వి సమాధుల్లోని కుండలు తీసి అమ్మేశారు. 1972లో ప్రభుత్వం అమ్మకం నిషేధించేసరికి చాలా పోయింది. యునెస్కో వారసత్వ హోదా 1992లో వచ్చింది. కంట పడిన రోజుకీ, కాపాడటం మొదలైన రోజుకీ నడుమ ఆరేళ్లు. ఇసాన్ ఆ ఆరేళ్లలో పోగొట్టుకున్నదాన్ని ఏ గుర్తింపూ తిరిగి తేలేదు.

వెళ్దామనేవారు: దొంగల ముఠానీ సెలవుకి వెళ్లిన కుటుంబాన్నీ ఒక గాటన కట్టకూడదు. ఆ పలక ఎలా తిరిగొచ్చిందో కూడా కథలో భాగమే. అది షికాగోలో ఉందని గుర్తుపట్టినవాళ్లు ఊరుకోలేదు. థాయ్ పత్రికలు రాశాయి, విద్యార్థులు కదిలారు, అమెరికాలోని థాయ్‌లు మ్యూజియం ముందు నిలబడ్డారు, కారబావ్ అనే ప్రసిద్ధ సంగీత బృందం దాని మీద పాట కట్టింది. 1988లో పలక ఇంటికొచ్చింది. బ్యాంకాక్‌కి ఎంతో దూరంలో ఉన్న మారుమూల గుడి రాయి కోసం దేశం దేశమే గొంతెత్తింది. జనం ఆ గుడిని తమదిగా ఎరిగి ఉన్నందుకే అది సాధ్యపడింది. ఎవరూ వెళ్లని గుడిలో రాయి పోతే అడిగే నాథుడుండడు. మన దగ్గర పాడుబడ్డ శివాలయాల్లో నందులు ఎలా మాయమయ్యాయో చూడండి.

ఆగమనేవారు: నందుల మాట నిజమే. దానికి బదులు లేదు. కానీ జనం కన్ను పడ్డాక ఎంత పడాలో చెప్పే పగ్గం ఎవరి చేతిలోనూ ఉండదు. ఫీఫీ దీవుల్లో మాయా బే అనే చిన్న గుండ్రటి తీరం 2000లో ఒక హాలీవుడ్ సినిమాతో ప్రసిద్ధమైంది. రోజుకి వేలమంది, వందల పడవలు, లంగర్ల కింద పగిలిన పగడాలు. 2018 జూన్‌లో మూసేశారు. తిరిగి తెరిచింది 2022 జనవరిలో. అది దక్షిణం కథ అంటారేమో, బురీరమ్‌లోనే ఇంకొకటి ఉంది. బ్లాక్‌పింక్ గాయని లిసాది ఆ ఊరే. 2021 సెప్టెంబర్‌లో ఒక ఇంటర్వ్యూలో ఆమె తమ ఊరి రైల్వే స్టేషన్ ముందు నిలబడి తినే మాంసపు ఉండల్ని తలుచుకుంది. మర్నాటికి ఆ బండ్ల ముందు బారులు. చిరువ్యాపారులకి అది పండగే, సందేహం లేదు. కానీ ఒక ఊరి సాయంత్రపు తిండి ఒక్క మాటతో యాత్రాస్థలం కావడంలో ఎంత బలం ఉందో, ఎంత భయం ఉందో చూడండి. ఆ మాట రేపు ఏ కలువల చెరువు మీద పడుతుందో తెలియదు.

ఏనుగుల విషయానికి రండి. సురిన్ ప్రాంతంలో కుయ్ జాతివాళ్లు తరతరాలుగా అడవి ఏనుగుల్ని పట్టి మచ్చిక చేసినవాళ్లు. 1960 నుంచి అక్కడ ఏటా నవంబర్‌లో ఏనుగుల సంబరం జరుగుతోంది. చూడటానికి వచ్చినవాళ్ల కోసం ఫుట్‌బాల్ ఆడించారు, తాళ్ల పోటీలు పెట్టారు. సందర్శకుడు ‘స్థానిక సంస్కృతి’ అనుకుని చప్పట్లు కొట్టిన దాంట్లో ఎంత భాగం సందర్శకుడి కోసమే తయారైంది?

వెళ్దామనేవారు: ఏనుగుల ప్రదర్శనను వెనకేసుకొచ్చే ప్రసక్తే లేదు. గొలుసుకి కట్టిన జంతువుతో ఆటలాడించే చోటికి టిక్కెట్టు కొనకుండా ఉంటే చాలు, అది సందర్శకుడి చేతిలోని పని. మాయా బే పోలిక మాత్రం ఇక్కడ అతకదు. అది గిన్నెలాంటి తీరం, పొంగిపోతుంది. ఇసాన్ రెండు కోట్ల పైచిలుకు జనం ఉన్న నేల. నాఖోన్ రాట్చసీమా అంటే మన మాటల్లో ‘నగర రాజసీమ’. వాడుకలో కోరాట్. బ్యాంకాక్ నుంచి అక్కడికి 1900 నాటికే రైలు వేశారు. ఉబోన్ రాట్చథానీ అంటే ‘ఉత్పల రాజధాని’, అక్కడికి రాత్రి రైలు. నోంగ్ ఖాయ్‌కి ఇంకో రాత్రి రైలు, పొద్దున దిగితే ఎదురుగా మెకాంగ్ నది, అవతలి ఒడ్డు లావోస్. ఖోన్ కేన్‌లో విశ్వవిద్యాలయం, ఆసుపత్రులు, విమానాశ్రయం. తాట్ ఫనొమ్ స్తూపం 1975 ఆగస్టులో వానలకి కూలిపోతే, 1979కల్లా మళ్లీ నిలబెట్టారు. ఏటా దాని తిరునాళ్లకి మెకాంగ్ రెండు ఒడ్లవాళ్లూ వస్తారు. తక్కువమంది వెళ్లే ప్రాంతం అంటున్నాం గానీ ఎవరి లెక్కలో తక్కువ? విదేశీయుల లెక్కలో. ఆ దేశస్థులు ఎప్పటి నుంచో వెళ్తూనే ఉన్నారు.

ఆగమనేవారు: అసలు చిక్కు అక్కడే ఉంది. ‘ఎవరూ చూడని థాయ్‌లాండ్’ అనే మాటలో రెండు కోట్ల మంది ‘ఎవరూ’లో కలిసిపోయారు. ఆ రైలు గురించి గొప్పగా చెప్పారు, అది ఎందుకు వేశారో కూడా చూడాలి. ఇసాన్‌లో ఎక్కువమంది మాట్లాడేది లావో భాష. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో, మెకాంగ్ అవతలికి ఫ్రెంచివాళ్లు వచ్చి కూర్చున్నాక, ఈ నేల చేజారకుండా బ్యాంకాక్ బిగించి పట్టుకుంది. అధికారులు వచ్చారు, పన్నులు వచ్చాయి, రైలు వచ్చింది. 1901-02లో ఉబోన్ చుట్టుపక్కల జనం తిరగబడ్డారు. ఆ తిరుగుబాటుకి ‘ఫూ మీ బున్’ అని పేరు, పుణ్యవంతులు అని అర్థం. సైన్యం దాన్ని అణిచేసింది. ఆ తర్వాత కూడా రాజధాని వాళ్లకి ఇసాన్ మనిషి అంటే పల్లెటూరి బైతు. సీరియళ్లలో పనిమనిషి ఆ యాసే మాట్లాడుతుంది. ఇన్నాళ్లూ ‘వెనకబడ్డారు’ అన్న నోళ్లే ఇప్పుడు ‘అచ్చమైన జీవితం’ అని పొగుడుతున్నాయి. చూడవచ్చిన వాడికి వెదురు బుట్ట కావాలి, గేదె కావాలి, చెక్క ఇల్లు కావాలి. ఆ ఇంటి పిల్లకి సిమెంటు ఇల్లు కావాలి. ఎవరి కోరిక నెగ్గాలి?

వెళ్దామనేవారు: ఆ పిల్లదే. రెండో మాట లేదు. సిమెంటు ఇంటిని చూసి మొహం చిట్లించేవాళ్లు ఇసాన్‌కి రాకపోవడమే మేలు. పాతదాన్ని వెతుక్కుంటూ వెళ్లేవాళ్లకి ఇవాళ్టి ఇసాన్ దొరకదు. ఖోన్ కేన్‌లో పెరిగిన అపిచాత్‌పోంగ్ వీరసేతకుల్ తీసిన ‘అంకుల్ బూన్మీ’ సినిమాకి 2010లో కాన్ ఉత్సవంలో అత్యున్నత బహుమతి వచ్చింది. అందులో చింతతోట, మూత్రపిండాల జబ్బుతో ఉన్న రైతు, భోజనాల బల్ల దగ్గరికి వచ్చి కూర్చునే చనిపోయిన భార్య, గదిలో టీవీ, అన్నీ పక్కపక్కనే ఉంటాయి. ఆ ప్రాంతం అలాగే ఉంటుంది. డాన్ సాయ్ అనే ఊళ్లో ఫీ తా ఖోన్ పండగకి అన్నం ఉడికించే వెదురు బుట్టని తలకి బోర్లించి, కొబ్బరి మట్టతో దయ్యం మొహాలు చేసుకుని ఊరేగుతారు. వేస్సంతర జాతకం, అంటే సర్వం దానమిచ్చిన రాకుమారుడి కథ, అక్కడ ఆ పండగకి ప్రాణం. అడవి నుంచి ఆయన తిరిగొస్తుంటే దయ్యాలు కూడా సంతోషం పట్టలేక వెంటవచ్చాయట. ఆ ముసుగు కుర్రాళ్లు పండగ అయ్యాక ఫోన్ తీసి సెల్ఫీ దిగుతారు. అది చూసి చిన్నబోకుండా ఉండగలిగిన మనిషే మంచి అతిథి.

ఆగమనేవారు: మంచి అతిథి ఏం తింటాడు? అడుగుతున్నది వేళాకోళానికి కాదు. ఇంటి నుంచి పొడులూ పచ్చళ్లూ మోసుకెళ్లే కుటుంబాలకి ఇదే మొదటి ప్రశ్న. ఇసాన్ వంటకి ఆయువుపట్టు ప్లా రా, ఊరబెట్టిన చేప. బొప్పాయి పచ్చడిలో కూడా అది పడుతుంది, లేదంటే చేప రసం, ఎండు రొయ్య. పట్టాయాలో తెలుగు భోజనం బోర్డు కనబడుతుంది. రోయ్ ఎట్‌లో కనబడదు. డెబ్బై ఏళ్ల శాకాహారికి నాలుగు రోజులు అరటిపండ్లు పెట్టి నడిపిస్తామా?

వెళ్దామనేవారు: కష్టమే. ‘జే’ అనే మాట ఒకటి నేర్చుకోవాలి, పసుపు పచ్చ గుడ్డ మీద ఎర్ర అక్షరం. ఆ గుర్తున్న కొట్టులో మాంసం, చేప, గుడ్డు ఉండవు. పెద్ద ఊళ్లలో దొరుకుతాయి, చిన్న ఊళ్లలో వెతకాలి. మాంసం తినేవాళ్లకైతే ఇంత దగ్గరి వంట ఇంకెక్కడా దొరకదు. జిగురు బియ్యం ఆవిరి మీద ఉడికించి, చిన్న బుట్టలో పెట్టి ఇస్తారు. చేత్తో తీసి, ముద్ద చేసి, కారంలో అద్దుకుని తింటారు. రోలు, రోకలి, పచ్చిమిరప, పులుపు. రోటిపచ్చడి చప్పుడు పొద్దున్నే ప్రతి వీధిలో వినబడుతుంది.

ఆగమనేవారు: ఇప్పుడు అసలు మాట. రోలు చప్పుడు వినబడే ఆ ఊళ్లలోనే 2025 జులై 24న ఫిరంగులు వినబడ్డాయి. సురిన్‌లో సరిహద్దు మీదున్న తా ముయెన్ థోమ్ గుడి దగ్గర థాయ్, కంబోడియా సైన్యాలు కాల్పులు మొదలుపెట్టాయి. సీసాకేట్‌లో పెట్రోలు బంకు దగ్గర రాకెట్లు పడి మామూలు జనం చచ్చిపోయారు. ఐదు రోజుల్లో రెండు వైపులా లక్షలమంది ఇళ్లు వదిలి శిబిరాలకి వెళ్లారు. డిసెంబర్‌లో మళ్లీ యుద్ధం. మీరు చూడమంటున్న ఆ ఖ్మేర్ రాళ్లే ఈ గొడవకి గుండెకాయ. ప్రేయా విహార్ గుడి కంబోడియాదని అంతర్జాతీయ న్యాయస్థానం 1962లో చెప్పింది. 2008లో దానికి వారసత్వ హోదా వచ్చాక ఆ కొండ మీద సైనికులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. శివుడి గుడి చూద్దాం రండని ఒక కుటుంబాన్ని పిలిచే ముందు, సరిహద్దులోని అలాంటి గుళ్ల గోడలకి తూటాల దెబ్బలున్నాయని చెప్పాలి.

వెళ్దామనేవారు: చెప్పాలి. ఇక్కడ వాదించడానికి ఏమీ లేదు. సురిన్, సీసాకేట్ దక్షిణపు అంచు, ఉబోన్ దిగువ భాగం, బురీరమ్ సరిహద్దు తాలూకాలు, ఇవి శాంతి నిలబడేదాకా ఆగాల్సినవి. ఫనొమ్ రుంగ్ కూడా ఆ సరిహద్దుకి మరీ దూరం కాదు, కాబట్టి వెళ్లే వారం పరిస్థితి చూసుకోకుండా కొండెక్కకూడదు. అయితే ఇసాన్ అంతా ఆ అంచు కాదు. పటంలో పైకి చూడండి. ఉదోన్ థానీ, నోంగ్ ఖాయ్, లోయీ, నాఖోన్ ఫనొమ్, ఇవన్నీ లావోస్ వైపు, మెకాంగ్ వెంట. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా కుంఫవాపీ చెరువు ఎర్రకలువలతో నిండిపోతుంది, పొద్దున్నే పడవలో వెళ్లాలి, ఎండెక్కితే ముడుచుకుంటాయి. ఫూ ఫ్రాబాట్ అనే రాళ్ల గుట్ట ఉంది. పుట్టగొడుగుల్లా నిలిచిన బండలు, వాటి కింద చరిత్రకు ముందటి మనిషి వేసిన బొమ్మలు, చుట్టూ వెయ్యేళ్ల కిందటి బౌద్ధులు పాతిన సీమా శిలలు. 2024 జులైలో యునెస్కో దాన్ని వారసత్వ స్థలంగా ప్రకటించింది మన ఢిల్లీలో జరిగిన సమావేశంలోనే.

ఆగమనేవారు: పటం మీకు అర్థమవుతుంది. వార్తల్లో ‘థాయ్‌లాండ్ ఈశాన్యం’ అని వినబడగానే జనం అన్ని టిక్కెట్లూ రద్దు చేసుకుంటారు. లోయీలో గదులు అద్దెకిచ్చే ఇల్లాలికి సురిన్ ఫిరంగి వినబడదు, కానీ ఆమె గది ఖాళీగా ఉంటుంది. సందర్శకుల మీద ఆధారపడటం అంటే ఇదే. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు పట్టాయా, ఫుకెట్ వీధులు ఎడారులయ్యాయి. పని పోయిన ఇసాన్ మనుషులు బస్సులెక్కి ఇంటికెళ్లారు. ఇంట్లో గాదెలో వడ్లున్నాయి, చెరువులో చేపలున్నాయి, అమ్మమ్మ ఉంది. ఆ ఊళ్లు వాళ్లని ఎందుకు మోయగలిగాయి? అవి పట్టాయాలా తయారు కాలేదు కాబట్టి. ఆ మూలని కూడా సెలవుల దుకాణంగా మార్చాక, ఈసారి విమానాలు ఆగితే ఎవరి ఇంటికి వెళ్తారు?

వెళ్దామనేవారు: దీనికి సూటి జవాబు లేదు. గాదె ఉండాలి, నిజమే. కానీ ఆ గాదె ఉన్న ఇంట్లో మనుషులు ఉండాలి కదా. మనవడిని పెంచుతున్న ఆ అమ్మమ్మకి ఏటా ఒకసారి సొంగ్‌క్రాన్ పండగకి మాత్రమే కూతురు కనబడుతుంది. కూతురు అతిథుల గదులు ఊడవడం ఎలాగూ చేస్తోంది, ఆరేడు వందల కిలోమీటర్ల దూరంలో, యజమాని ఇంకొకడు. అదే పని సొంత ఊళ్లో, సొంత రెండు గదులు, ఏడాదికి యాభైమంది అతిథులు. పొలం పోదు, మగ్గం పోదు. పట్టాయా కావడానికీ, తలుపులు మూసుకోవడానికీ నడుమ చోటు లేదంటారా?

ఆగమనేవారు: ఉంది. యాభైమంది దగ్గర ఆగితే ఉంది. ఆపేదెవరు? యాభై ఒకటో వాడు తలుపు తడితే ఆ ఇల్లాలు వద్దంటుందా, అప్పులున్నప్పుడు? పక్కింటివాళ్లు నాలుగు గదులు వేస్తే, వాళ్ల పక్కన బ్యాంకాక్ కంపెనీ నలభై వేస్తే? నడిమి చోటు ఉన్నదని ఒప్పుకుంటా. అక్కడ ఎక్కువ కాలం నిలిచిన ఊరు చూపించమంటే మాత్రం మీరు తడుముకుంటారు.

వెళ్దామనేవారు: తడుముకోవాల్సిందే. అందుకే పెద్ద కోరికలు పక్కనపెట్టి చిన్నది అడుగుదాం. ఆ బడిపంతులు ఆరు రోజుల్లో ఒక్క రోజు. బ్యాంకాక్‌లో పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి కోరాట్. అక్కణ్ణుంచి అరవై కిలోమీటర్లు ఫిమాయ్. సరిహద్దు గొడవలకి దూరం. అంగ్‌కోర్ నుంచి వచ్చే పాత రాచబాట అక్కడికే చేరేది. అది మహాయాన బౌద్ధుల గుడి, కానీ రాతి పలకల మీద రామాయణం చెక్కి ఉంది. ఒక పలక మీద ఇంద్రజిత్తు వేసిన నాగపాశంలో రామలక్ష్మణులు కట్టుబడి పడి ఉంటారు, చుట్టూ వానరులు. ఆ పెద్దావిడకి ఆ కథ ఎవరు చెప్పాలి? ఆమే మనవరాలికి చెబుతుంది.

ఆగమనేవారు: ఏ రోజు తీసేస్తారు?

వెళ్దామనేవారు: పట్టాయాలో రెండో రోజు.

ఆగమనేవారు: మొదటి రోజు ఆమె భయపడుతూ చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని మోకాళ్ల దాకా దిగుతుంది. రెండో రోజే కదా ధైర్యం చేసి కూర్చునేది. ఆ రోజు తీసేయమని ఆమెను అడిగారా?

వెళ్దామనేవారు: అడగాలి. అడగాలంటే ముందు అలాంటి గుడి ఒకటుందని ఆమెకి తెలియాలి. ఏజెంటు ఇచ్చిన కాగితంలో అది లేదు.

ఆగమనేవారు: చెప్పండి. కోరాట్ నుంచి బస్సు గంటకు పైనే పడుతుందని, ఎండలో ఎత్తు గడపలు చాలా దాటాలని, ఆ రోజు సముద్రం ఉండదని కూడా చెప్పండి.